పై వాటా నీళ్ళు

రాజమండ్రిలో మేం అద్దెకున్న ఇంట్లో, మా వంటగదికి సరిగ్గా పైన ఇంటివాళ్ళ స్నానాలగది ఉండేది. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు ఆ సంగతి నాకు తట్టలేదు. గోడలకి కొత్తగా వెల్ల వేసి ఉంది. కిటికీలోంచి తూర్పు వెలుతురు పడుతోంది. నేను లెక్కలు చెప్పే స్కూలు నడిచి వెళ్ళేంత దూరం, మూడో క్లాసుకి వచ్చిన మా అమ్మాయిదీ అదే స్కూలు. మావారు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్, వారంలో నాలుగు రోజులు పిఠాపురం, తుని వైపు తిరుగుడే. ఇంటివాళ్ళు పైనే ఉంటారంటే నాకు ధైర్యంగా కూడా అనిపించింది. కరోనా వెళ్ళిపోయిన రెండేళ్ళకి, స్కూళ్ళు తెరిచే వేళకి, ఆ ఇంట్లో పాలు పొంగించాం.

ఇంటాయన ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. డెబ్బై దగ్గరపడినా నిటారుగా నడిచేవారు. బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఆయన భార్యని పిన్నిగారూ అనేదాన్ని గానీ, అలా పిలిచే అవసరమే తక్కువ. ఆవిడ కిందికి వచ్చేది కాదు. బట్టలారేయడానికి డాబా మీదికి వెళ్ళాలంటే పక్కనున్న బయటి మెట్ల మీదుగా, వాళ్ళ గుమ్మం దాటుకుంటూ వెళ్ళాలి. ఆ చప్పుడుకి కిటికీ తెర వెనకనుంచి "కింద అమ్మాయివా?" అని అడిగేది. "అవునండీ" అనేదాన్ని. అంతే మా మాటలు. ఒకసారి తెర తప్పుకున్నప్పుడు ఆవిడ చెయ్యి కనబడింది. చాకిరేవులో నానబెట్టినట్టు వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

చేరిన రెండో నెలలో వంటింటి కప్పు మీద కంచమంత చెమ్మ కనిపించింది. బాబాయిగారు కిందికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

"వానాకాలం కదమ్మా. ఎండలొస్తే అదే ఆరిపోతుంది" అన్నారు.

ఆ గొంతులో ఎంత మర్యాద ఉందంటే, నేనే అనవసరంగా పిలిచానేమో అనుకున్నాను.

వానలు పోయాయి. చెమ్మ కంచం నుంచి చాటంత అయింది. సంక్రాంతి సెలవుల తర్వాత బొట్లు మొదలయ్యాయి. మొదటి బొట్టు నా జబ్బ మీద పడింది. తుడుచుకుని వాసన చూస్తే సబ్బు వాసన. అప్పుడు అర్థమైంది నాకు, అది వాన నీరు కాదు, పైన ఎవరో స్నానం చేసిన నీరు.

ఇక దాని వేళలు తెలిసిపోయాయి. పైన నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు ఆగిన పావుగంటకి మా కప్పు కారడం మొదలుపెట్టేది. లెక్కల టీచర్ని కదా, వంటింటి క్యాలెండర్ మీద ఒక వారం పెన్సిలుతో గీతలు పెట్టాను. రోజుకి ఎనిమిది, తొమ్మిది. ఒక ఆదివారం పదకొండు. పైన ఉన్నది ఇద్దరే మనుషులు. ఇద్దరికి పదకొండు స్నానాలేమిటో నాకు బోధపడలేదు.

స్టవ్‌కి పైన, కప్పు దగ్గర నాలుగు మేకులకి ప్లాస్టిక్ పట్టా కట్టాం. అది పొట్టలా కిందికి వేలాడేది. రెండు పూటలా దాన్ని ఒంచి బకెట్లోకి దింపాలి. పిండి గిన్నె, పాలగిన్నె, ఉప్పు జాడీ, అన్నిటికీ మూతలు. వండిన ప్రతిసారీ గట్టు కడిగేదాన్ని, చేతులు కడుక్కునేదాన్ని, మళ్ళీ కడిగేదాన్ని. అయినా అన్నం కలుపుకుంటుంటే ఏదో అనుమానం. కొత్తపేట నుంచి వచ్చిన మా అత్తగారు పట్టాని, దాని కింద ఉడుకుతున్న కూరని చూశారు. "ఆకలిగా లేదే అమ్మాయ్" అని మంచినీళ్ళు కూడా ముట్టకుండా సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయారు. నేను తలుపు వేసుకుని ఏడ్చాను. ఆవిడ తిట్టినా బాగుండేది.

ఆ ఏడాది ఎన్నిసార్లు మెట్లెక్కి అడిగానో. బాబాయిగారు ఎప్పుడూ లేదు, కాదు అనలేదు. "చూద్దాం లేమ్మా." "మేస్త్రీ ఊళ్ళో లేడమ్మా." "ఈ ఎండలు కాస్త తగ్గనీ." నన్ను లోపలికి మాత్రం రానిచ్చేవారు కాదు. తలుపు తన వెనక దగ్గరికి వేసి, గుమ్మం బయటే నిలబడి మాట్లాడేవారు. ఒకరోజు కావాలనే గొంతు పెంచాను, లోపల ఆవిడకి వినబడాలని.

ఆయన గబుక్కున చెయ్యెత్తారు. "మెల్లిగా అమ్మా, మెల్లిగా. తను నిద్రపోతోంది."

లోపల కుళాయి ధారగా పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఆయనకీ వినిపిస్తోంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలిసినా ఆయన చెయ్యి దించలేదు. కళ్ళలో భయం కనబడింది. అప్పుడు అది భయమని నేను అనుకోలేదు, టక్కరితనం అనుకున్నాను.

మేమే ఒక ప్లంబర్ని పిలిపించాం. యాభై ఏళ్ళ మనిషి, నిదానస్తుడు. స్టూలెక్కి కప్పుని వేలితో కొట్టి చూశాడు. డాబా మీదికి వెళ్ళి ట్యాంకు దగ్గర పైపులు చూశాడు. నేనూ వెంట వెళ్ళాను.

"ఇదిగోనండి, ఈ పైపు మీ కింద వాటాకి. ఇది పై వాటాకి. దేని వాల్వు దానికుంది. వచ్చే నీళ్ళలో ఏ తేడా లేదండి. పోయే నీళ్ళతోనే గొడవ. స్నానాలగదిలో నీళ్ళు దిగే జాలీ ఉంటది చూడండి, దాని కింద పైపు అతుకు విడిపోయింది. నీళ్ళు పైపులోకి పోకుండా స్లాబులోకి దిగుతున్నాయి. కింద నుంచి ఎంత పూత పూసినా ఆగదండి. పైన నేల పగలగొట్టాలి."

"ఎన్ని రోజుల పని?"

"వారం అనుకోండి. ఓనరు గారు ఒప్పుకోవాలి మరి."

ఓనరు గారు ఒప్పుకోలేదు. అంటే, చూద్దాం అన్నారు.

ఖాళీ చేద్దామని వేరే ఇళ్ళు చూశాం. ఒకటి స్కూలుకి రెండు ఆటోలు మారేంత దూరం. ఇంకొకటి మురుక్కాలవ పక్కన. అమ్మాయికి అప్పటికే చెమ్మ పడక పిల్లికూతలు మొదలయ్యాయి, ఆ కాలవ పక్కకి ఎలా తీసుకెళ్తాం? పరీక్షలయ్యాక చూద్దాం అనుకున్నాం, పరీక్షలయ్యాయి, మళ్ళీ స్కూళ్ళు తెరిచారు, అక్కడే ఉండిపోయాం.

దసరా సెలవులకి వారం ముందు అది జరిగింది. పొద్దున్న ఏడున్నర. మావారు ఊళ్ళో లేరు. అమ్మాయి వంటింట్లో చిన్న పీట మీద కూర్చుని ఉప్మా తింటోంది. నేను అన్నం వార్చడానికి గిన్నె దించబోతున్నాను. ముందు ఇసక రాలిన చప్పుడు. తల ఎత్తేలోపు కప్పు నుంచి పెద్ద పెచ్చు ఊడి, పట్టాని చీల్చుకుంటూ స్టవ్ మీద పడింది. అన్నం గిన్నె పక్కకి ఒరిగిపోయింది. గంజి నేలమీదికి చిమ్మి అమ్మాయి పాదం మీద పడింది.

అది "అమ్మా" అని ఒక్క అరుపు అరిచింది. ఎత్తుకుని కుళాయి కింద పాదం పెట్టాను. బొబ్బ చిన్నదే. కానీ పీటకీ స్టవ్‌కీ మధ్య జానెడు దూరం. పెచ్చు రెండు చేతులతో ఎత్తితే గాని లేవనంత ఉంది.

మందు రాసి, పిల్లని ముందుగదిలో కూర్చోబెట్టి, మెట్లు ఎక్కాను. తలుపు బాదాను. లోపల నీళ్ళ చప్పుడు.

"ఆయన లేరమ్మా" అంది పిన్నిగారు లోపల్నుంచి. "ఆత్రేయపురం వెళ్ళారు, ఎవరిదో పెద్దకర్మ. సాయంత్రం రా."

"తలుపు తియ్యండి పిన్నిగారూ, ఒక్కసారి కిందికొచ్చి చూడండి. కప్పు ఊడిపోయింది."

"స్నానంలో ఉన్నానమ్మా. సాయంత్రం రా."

మళ్ళీ నీళ్ళు. నేను ఆ గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు. కిందికి దిగలేదు, పైకి ఎక్కాను. డాబా మీద ట్యాంకు పక్కన ప్లంబర్ చూపించిన పై వాటా వాల్వు. తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. కొంగు చుట్టి బలమంతా పెట్టి తిప్పాను. మూడు చుట్లు తిరిగింది. కింద నీళ్ళ చప్పుడు సన్నబడి, ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకు హాయిగా అనిపించింది. దాచుకోవలసిన పని లేదు. ఒక్కరోజు తెలియాలి వీళ్ళకి, అనుకున్నాను. సాయంత్రం వచ్చి తిప్పేద్దాం అనుకున్నాను. అమ్మాయిని తీసుకుని స్కూలుకి వెళ్ళిపోయాను. ఆ రోజు పిల్లలకి భిన్నాలు చెప్పాను, బాగానే చెప్పాను.

నాలుగున్నరకి వచ్చేసరికి గేటు తెరిచి ఉంది. మెట్ల మొదట్లో ప్లాస్టిక్ బకెట్ బోర్లాపడి ఉంది. ఎదురింటావిడ నన్ను చూసి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మీ ఇంటావిడ పడిపోయిందమ్మా. పదిన్నర అప్పుడు. ట్యాంకులో నీళ్ళయిపోయాయంట. పెరట్లో చేతిపంపు దగ్గర బకెట్ నింపుకుని మెట్లెక్కుతూ జారిపోయింది. మేం వచ్చి చూసేసరికి కదల్లేకపోతోంది. చీర కూడా సరిగ్గా చుట్టుకోలేదమ్మా పాపం. ఒంటినిండా సబ్బు నురగ, ఎండిపోయి తెల్లగా చారలు కట్టేసి ఉంది."

పదిన్నర. నేను వాల్వు కట్టింది ఎనిమిదిలోపు. అంటే రెండున్నర గంటలకి పైగా ఆవిడ సబ్బు ఒంటితో నీళ్ళ కోసం చూసింది. ఎవరినీ పిలవలేదు.

అమ్మాయిని ఎదురింటావిడ దగ్గర వదిలి డాబా ఎక్కాను. ఎవరైనా చూస్తున్నారా అని ఇటూ అటూ చూశాను. వాల్వు తిప్పాను. వెంటనే కింద ధార మొదలైంది, వాళ్ళ స్నానాలగదిలో కుళాయి తెరిచే ఉండిపోయింది. తలుపు కూడా ఎవరూ వెయ్యలేదు. లోపలికి వెళ్ళి కట్టేసి వచ్చాను. ఏమీ చూడలేదు, చూసే ధైర్యం లేదు.

ఆ సాయంత్రం మావారు వచ్చాక చెప్పాను. ఆయన బూట్లు విప్పుతూ విన్నారు.

"ఎవరికీ చెప్పకు" అన్నారు. "చెప్తే ఆవిడ తుంటి ఎముక అతుక్కుంటుందా? వచ్చే నెల ఇల్లు మారిపోదాం."

"పాప తల మీద పడేది కదండీ ఆ పెచ్చు."

"పడేది. అందుకే చెప్పకంటున్నా. నీ తప్పేం లేదు."

నా తప్పేం లేదంటే మరి ఎవరికీ చెప్పకూడదని ఎందుకనిపిస్తోందో ఆయన్ని అడగలేదు.

పిన్నిగారికి ఆపరేషన్ చేశారు. పది రోజులు ఆసుపత్రిలోనే ఉండాలన్నారు. వాళ్ళకున్న ఒక్క కొడుకూ పుణేలో ఉద్యోగం, వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళాడు. నేను రోజూ క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. ఆ వంటింట్లో వండిన అన్నమే, చిరిగిన పట్టాకి ముడేసి దాని కింద వండిన అన్నమే బాబాయిగారు తినేవారు.

మూడో రోజు మధ్యాహ్నం వరండాలో బల్ల మీద కూర్చుని ఆయన పెరుగన్నం తింటున్నారు. నేను పక్కనే నిలబడ్డాను.

"బాబాయిగారూ, ఆ రోజు నీళ్ళు ఆపింది నేనేనండి."

ఆయన చెయ్యి ఆగలేదు. ముద్ద నమిలి మింగాక అన్నారు.

"తెలుసమ్మా."

బల్ల చివర కూర్చున్నాను.

"పొద్దున్నే మోటారు వేసి, ట్యాంకు నిండి పొర్లిందాకా ఉండి మరీ బయల్దేరాను. ఆ రోజు బట్టల కోసం ఇంటికెళ్తే కుళాయి బాగానే వస్తోంది. ముప్పై నాలుగేళ్ళు కాలవ లాకుల మీద పనిచేశానమ్మా. నీళ్ళు వాటంతటవి ఆగి, వాటంతటవి రావని నాకు తెలీదా?"

"మరి నన్నెందుకు అడగలేదండి?"

"ఏమని అడగను? ఏడాదిగా నువ్వు మెట్లెక్కుతూనే ఉన్నావు కదా."

గిన్నె పక్కన పెట్టి చెయ్యి తుడుచుకున్నారు. తర్వాత, నా వైపు చూడకుండా, ఇన్నాళ్ళూ చెప్పనిది చెప్పారు. కరోనా రోజుల్లో పిన్నిగారి అక్క వాళ్ళింట్లోనే ఉండేదట. జ్వరం వచ్చి కాకినాడ తీసుకెళ్ళారు. మళ్ళీ చూడలేదు.

"తన చేతి నుంచే అంటుకుందని తన నమ్మకం. ఎంత చెప్పినా వినదు. అప్పుడు అందరం కడుక్కున్నాం కదమ్మా, కూరగాయలు, తలుపు గడియలు, చేతులు. తర్వాత అందరం మానేశాం. తను మానలేకపోయింది. మీటరు చూడ్డానికి కరెంటాయన లోపలికొస్తే రెండు రోజులు అన్నం తినలేదు. ఇక ప్లంబర్ని స్నానాలగదిలోకి ఎలా రానిస్తుంది?"

"డాక్టరుకి చూపించొచ్చు కదండి."

"పిచ్చాసుపత్రికా? దానికి నేను ఒప్పుకోలేకపోయాను. అది నా తప్పు."

గిన్నెకి మూత పెడుతూ, "తనకి మాత్రం చెప్పకమ్మా" అన్నారు. "నీ కోసం కాదు. నీళ్ళు ఆపేసే మనుషులుంటారని తెలిస్తే ఇక బకెట్లు నింపుకుంటూ కూర్చుంటుంది."

సరేనన్నాను. లేచి వచ్చేస్తుంటే పిలిచారు.

"ఆ ప్లంబర్ నంబరు ఉందా నీ దగ్గర? తను ఇంట్లో లేదు కదా. ఈ వారంలో అయిపోతుంది."

అలా, ఏడాది పైగా జరగని పని ఆవిడ మంచంలో ఉన్న వారంలో జరిగింది. దసరా సెలవులు. తాళాలు నా చేతికిచ్చారు, నేనే దగ్గరుండి చేయించాను. అప్పుడు చూశాను ఆ ఇల్లు. తాడు మీద క్లిప్పులతో ఆరేసిన న్యూస్‌పేపర్లు. కిటికీలో వరసగా ఆరబెట్టిన తాళంచెవులు, రిమోటు, దేవుడి గంట, చెప్పులు. స్నానాలగదిలో గచ్చు అరిగి ఒకచోట గుంటపడింది, ఆవిడ నిలబడే చోటు. అటక మీద సబ్బుల పెట్టెలు కప్పు దాకా ఉన్నాయి.

ప్లంబర్ నేల పగలగొట్టి నన్ను పిలిచాడు.

"చూడండి మేడమ్, అతుకు అన్నది లేనే లేదు. ఇక్కడ ఇనప ఊచ ముట్టుకుంటే పొడైపోతోంది. ఇన్నాళ్ళు ఇది ఎలా ఆగిందో. మొత్తం ముక్క కింద స్టవ్ మీదే పడేది."

ఒక్క క్షణం నాకు గెలిచినట్టనిపించింది. చూశారా, నేనన్నది నిజమే కదా అని ఎవరితోనో అనాలనిపించింది. ఎవరితో అనను? ఆ గుంటలోకి చూస్తుంటే ఆవిడ ఆ పొద్దున్న అక్కడే, అరిగిన గచ్చు మీద, కళ్ళలో సబ్బు పడి కుళాయి తిప్పుకుంటూ నిలబడి ఉంటుందని అనిపించింది. నాకు రెండూ నిజంగానే కనిపించాయి. ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యలేదు.

పిన్నిగారు వాకర్‌తో ఇంటికి వచ్చింది. కొత్త గచ్చు చూసి ఒక పూటంతా గొడవ చేసిందట, తర్వాత ఊరుకుందట. ఆసుపత్రి వరండాలో పది రాత్రులు పడుకున్న మనిషని బాబాయిగార్ని చెయ్యి వెయ్యనివ్వలేదు. పనిమనిషిని వద్దంది. రెండో రోజు ఆయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"కింద అమ్మాయినైతే రమ్మంటోంది. నీళ్ళు పొయ్యడానికి."

"నేనా? ఎందుకండి?"

"నీ కుళాయి చప్పుడు పైకి వినిపిస్తూ ఉంటుందట. ఆ అమ్మాయి అస్తమానం చేతులు కడుక్కుంటుంది, శుభ్రమైన మనిషి అంటోంది."

నేనెందుకు అన్నిసార్లు కడుక్కునేదాన్నో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కొంగు దోపుకుని ఆయన వెంట మెట్లెక్కాను.

ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. బక్కపలచటి వీపు, చిన్నపిల్లలా ముడుచుకుని కూర్చునేది. ఇరవై చెంబులు పొయ్యమనేది, లెక్క తప్పిందని మళ్ళీ మొదట్నుంచి పొయ్యమనేది. నాకు విసుగు రాలేదు. అలా నాలుగు రోజులు గడిచాయి. ఆవిడ మాట్లాడ్డం కూడా మొదలుపెట్టింది. వాళ్ళ అక్క జడ ఎంత ఉండేదో, గోదావరి గట్టు మీద ఇద్దరూ ఎలా తిరిగేవారో చెప్పింది.

అయిదో రోజు అంది. "ఆ రోజు కళ్ళనిండా సబ్బమ్మా. కుళాయి తిప్పితే చుక్క లేదు. నేనేం పాపం చేశానో, దేవుడే ఆపేశాడు. అక్క ఉసురు తగిలింది."

చెప్పొద్దని ఆయన అడిగారు. సరేనని మాటిచ్చాను. కానీ ఆవిడ దేవుణ్ణీ, చచ్చిపోయిన అక్కనీ తలుచుకుని వణుకుతుంటే, నా చేతిలో చెంబు పట్టుకుని ఊరుకోలేకపోయాను.

"దేవుడు కాదు పిన్నిగారూ. నేను ఆపాను."

ఆవిడ తల తిప్పి చూసింది. కోపం లేదు ఆ మొహంలో, అర్థంకాకపోవడమే ఉంది.

"నువ్వా? ఎందుకమ్మా?"

"మీ స్నానం నీళ్ళు మా వంటింట్లో పడేవండి. ఏడాదిగా. స్టవ్ మీద, గిన్నెల మీద. ఆ రోజు కప్పు ఊడి పాప కాలు కాలింది. కోపం వచ్చిందండి."

అప్పుడు తెలిసింది నాకు. బాబాయిగారు ఆవిడకి ఆ విషయం ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను ఎన్నిసార్లు మెట్లెక్కానో, ఎందుకెక్కానో ఆవిడకి తెలియదు.

"నా నీళ్ళా?" అంది. "నేను కడుక్కున్న నీళ్ళు, మీ అన్నం మీదా? చిన్నపిల్ల తినే అన్నం మీదా?"

రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉండిపోయింది. నేనేదో అన్నాను, ఇప్పుడు బాగుచేశారండి, ఇక పడవండి అని. వినిపించుకోలేదు. "వెళ్ళమ్మా" అంది. "నన్ను ముట్టుకోకు. వెళ్ళు."

ఆ తర్వాత ఆరు రోజులు ఆవిడ స్నానం చెయ్యలేదు. ఒక్క చెంబు నీళ్ళు పోసుకోలేదు. పోసుకుంటే కింద పడతాయని. పైనుంచి ఏ చప్పుడూ లేదు. ఏడాదిపాటు ఆగాలని నేను కోరుకున్న చప్పుడే, ఇప్పుడు ఎప్పుడు వినిపిస్తుందా అని వంటింట్లో చెవులు రిక్కించి నిలబడేదాన్ని. ఆరో రోజు బాబాయిగారు వచ్చారు. ఆయనకి కోపం రావడం అదే మొదటిసారి చూశాను.

"చెప్పొద్దన్నాను కదమ్మా."

"చెప్పకుండా ఉండలేకపోయానండి. మీరు ఏడాదిపాటు ఎలా ఉన్నారు?"

అలా అనవలసింది కాదు. ఆయన మొహం తెల్లబోయింది. గుమ్మం పట్టుకుని, "రేపు తనని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. కారు ఎక్కించడానికి కాస్త సాయం రా" అన్నారు. ఏ డాక్టరని నేను అడగలేదు. ఏ డాక్టరో తెలుసు.

మర్నాడు ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని మెట్లు దింపాం. ముట్టుకోవద్దనలేదు. మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంది. మా వంటింటి కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం తల అటువైపు తిప్పేసుకుంది.

మందులు వాడారు. మొదట్లో రోజంతా నిద్రే. నెల తిరిగేసరికి మళ్ళీ స్నానాలు మొదలయ్యాయి, రోజుకి మూడో నాలుగో. మా కప్పు ఆరిపోయింది, సిమెంటు పూత వేయించారు. అమ్మాయి పిల్లికూతలు కూడా తగ్గాయి. నన్ను మాత్రం ఆవిడ మళ్ళీ పైకి పిలవలేదు. కిటికీ దగ్గరనుంచి కింద అమ్మాయివా అని అడగనూ లేదు. వేసవిలో మావారిని భీమవరం మార్చారు. సామాను లారీ ఎక్కిస్తున్నప్పుడు బాబాయిగారు కిందికి వచ్చి అమ్మాయి చేతిలో పూతరేకుల పొట్లం పెట్టారు. వెళ్ళొస్తానని చెప్పడానికి నేను పైకి వెళ్ళాను. తలుపు వేసి ఉంది. కొట్టలేదు.

మొన్న ఆయనకి ఫోన్ చేశాను. కింద వాటాలోకి ఎవరొచ్చారని అడిగాను.

"ఎవరూ రాలేదమ్మా. తను ఇవ్వనివ్వడం లేదు. కింద ఎవరైనా వండుకుంటుంటే తను నీళ్ళు పోసుకోలేనంటోంది. తాళం వేసే ఉంచాం" అన్నారు.

పిన్నిగారికి ఒకసారి ఫోన్ ఇవ్వమన్నాను. ఆయన పిలిచారు. అటునుంచి ఏదో మాట వినిపించింది, ఏమన్నదో తెలియలేదు.

"తర్వాత మాట్లాడుతుందటమ్మా" అన్నారు ఆయన. అమ్మాయి ఏ క్లాసని అడిగారు. చెప్పాను. భీమవరంలో నీళ్ళు బాగుంటాయా అని అడిగారు. పర్లేదండి అన్నాను.